పిల్లల గురకకి ఆపరేషన్ చేయిస్తే పూర్తిగా తగ్గుతుందా? ముందే అంచనా వేసుకోవడం ఇలా

పిల్లాడికి టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే టాన్సిల్ లాంటి కండ) తీయించేస్తే గురక పోతుందా అండీ అని ఈఎన్‌టీ డాక్టర్ని అడిగితే "చాలామందికి తగ్గిపోతుందమ్మా" అంటారు. అది నిజమే. కాకపోతే ఆ చాలామందిలో మనవాడు ఉంటాడా, కొంత మిగిలిపోయేవాళ్లలో ఉంటాడా అన్నదే కదా మనకి కావాల్సింది. అది ఆపరేషన్‌కి ముందే ఓ మాదిరిగా చెప్పొచ్చండీ, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు గానీ ముందు జాగ్రత్త పడడానికి సరిపోయేంత చెప్పొచ్చు, పైగా దానికి కావాల్సిన సమాచారంలో చాలా వరకు మన ఇంట్లోనే దొరుకుతుంది. అది ఎలా పోగుచేయాలో, ఎలా చదవాలో రాస్తున్నా.

నేను డాక్టర్ని కాదు, వైజాగ్‌లో ఉండే ఒక తల్లిని. మా ఇళ్లలో ఇద్దరు పిల్లలకి ఇదే ఆపరేషన్ అయింది, మా పాపకి ఆరేళ్లప్పుడు, మా ఆడపడుచు వాళ్ల బాబుకి పదకొండేళ్లప్పుడు. పాపకి పూర్తిగా పోయింది. బాబుకి బాగా తగ్గింది గానీ పోలేదు, ఇప్పటికీ రాత్రి సీపాప్ మాస్క్ (గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా ఉంచే మెషీన్‌ది) పెట్టుకుని పడుకుంటున్నాడు. ఇద్దరి వయసు, బరువు, రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ముందే ఊహించగలిగినవే. అప్పట్నించి తెలిసినవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ఇవే చెప్తున్నా, అందుకే ఒకచోట పెడదామని.

ముందు ఒకటి. గురక పెట్టే పిల్లలందరికీ ఆప్నియా ఉండదు. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి, అప్పటికే టాన్సిల్స్ అడినాయిడ్స్‌తో ఇరుకుగా ఉన్న దారి మూసుకుపోయి, గాలి ఆగి, ఆక్సిజన్ పడి, మెదడు ఉలిక్కిపడి లేచి మళ్లీ గాలి లాక్కోవడం, రాత్రంతా ఇదే తిరిగి తిరిగి జరగడం, దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. పిల్లల్లో 1 నుంచి 5 శాతం మందికి ఉంటుందని లెక్క. పెద్దవాళ్లలాగా పగలు కునికిపాట్లు పడడం పిల్లల్లో తక్కువే, వాళ్లు చిరాకు, అల్లరి, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం ఇలా చూపిస్తారు, అందుకే మనం చాలాకాలం "వీడికి పెంకితనం ఎక్కువ" అనుకుంటూ ఉండిపోతాం.

తగ్గడం అంటే ఏది తగ్గడం?

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, దీని మీద కాస్త ఎక్కువ రాస్తా. నెట్‌లో వెతికితే ఒకచోట 79 శాతం మందికి నయం అని ఉంటుంది, ఇంకోచోట 27 శాతం మందికే అని ఉంటుంది, ఏది నమ్మాలో తెలీక తల తిరుగుతుంది. రెండూ నిజమే. అమెరికాలో చాట్ అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, 2013లో ఫలితాలు వచ్చాయి, 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మంది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, సగం మందిని ఏడు నెలలు కనిపెట్టి చూశారు. ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం మందికి స్లీప్ స్టడీ (నిద్రలో రాత్రంతా ఊపిరి, ఆక్సిజన్ రికార్డు చేసే టెస్టు) నార్మల్‌కి వచ్చింది. గమ్మత్తు ఏంటంటే ఊరికే కనిపెట్టి చూసినవాళ్లలో కూడా 46 శాతం మందికి నార్మల్‌కి వచ్చేసింది. అయితే ఇందులో మరీ తీవ్రంగా ఉన్న పిల్లల్ని తీసుకోలేదు, నార్మల్ అంటే గంటకి రెండు ఆగడాల లోపు అని కొంచెం ఉదారంగా గీత గీశారు.

రెండో లెక్క 2010లో వచ్చింది, అమెరికా, యూరప్ ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయిన 578 మంది పిల్లల రిపోర్టులు తిరగేశారు. వీళ్లలో దాదాపు సగం మంది ఊబకాయం ఉన్నవాళ్లు, జబ్బు కూడా ముదిరినవాళ్లు, నార్మల్ అంటే గంటకి ఒకటి లోపు అని కఠినమైన గీత. అందుకని 27 శాతం. కానీ అదే పిల్లల్లో సగటున గంటకి 18 సార్లు ఆగేది 4 సార్లకి పడిపోయింది, అంటే పూర్తిగా పోకపోయినా చాలా మేలు జరిగినట్టే కదా. కాబట్టి ఎవరైనా ఫలానా శాతం అని చెప్తే, ఎలాంటి పిల్లల్లో అండీ, ఎంత లోపు వస్తే నయం అన్నారు అండీ అని రెండు ప్రశ్నలు అడగండి. మన పిల్లాడు ఆ పిల్లల్లాంటివాడు కాకపోతే ఆ శాతం మనకి పనికిరాదు.

ఇంకోటి, మెషీన్ లెక్క తగ్గడం వేరు, పిల్లాడు మారడం వేరు. చాట్‌లో ఆపరేషన్ అయిన పిల్లల గురక, ప్రవర్తన, పగటి మగత, ఇంట్లో మనశ్శాంతి ఇవన్నీ బాగా మెరుగయ్యాయి. కానీ కూర్చోబెట్టి పెట్టిన ఏకాగ్రత పరీక్షలో రెండు గ్రూపులకీ పెద్ద తేడా రాలేదు. 2023లో వచ్చిన ప్యాట్స్ ట్రయల్‌లో కూడా అంతే, గురక ఉండి ఆప్నియా స్వల్పంగా ఉన్న పిల్లలకి ఆపరేషన్ చేస్తే ఏడాది తర్వాత ఏకాగ్రతలో తేడా కనపడలేదు గానీ ప్రవర్తన, నిద్ర, బీపీ మెరుగయ్యాయి. అందుకని మార్కులు పెరుగుతాయని మాత్రమే ఆపరేషన్ చేయించకండి. ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో ఏది మారితే మీకు చాలో రాసుకోండి: రాత్రి ఊపిరి ఆగకపోవడం, పక్క తడపకపోవడం, పొద్దున్నే తలనొప్పి లేకపోవడం, బరువు పెరగడం, టీచర్ ఫిర్యాదులు తగ్గడం, ఏదైనా సరే రెండు మూడు రాయండి. రేపు తగ్గిందా లేదా అని తేల్చేది ఆ కాగితమే.

ఇంట్లో పోగుచేయాల్సినవి

వీడియో. ఫోన్‌తో రెండు మూడు నిమిషాలు చాలు కానీ ఎప్పుడు తీస్తున్నాం అన్నది ముఖ్యం. పిల్లల్లో ఆప్నియా ఎక్కువగా కలలొచ్చే నిద్రలో వస్తుంది, ఆ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. పడుకున్న అరగంటకి తీసిన వీడియోలో ఏమీ లేదని నిశ్చింతగా ఉండకండి, మూడు నాలుగు గంటలప్పుడు అలారం పెట్టుకుని లేచి తీయండి. చొక్కా పైకి లాగి ఛాతీ, పొట్ట కనపడేలా, శబ్దం వినపడేలా తీయాలి. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోవడం, గురక ఠక్కున ఆగి మళ్లీ పెద్ద శబ్దంతో మొదలవడం, మెడ వెనక్కి విరుచుకుని పడుకోవడం, ఇవి డాక్టర్‌కి చూపించాల్సినవి. జలుబు లేని రోజుల్లో తీయండి, జలుబులో ప్రతి పిల్లాడూ గురక పెడతాడు.

చెమట గురించి ఒక మాట. నిద్రలో విపరీతంగా చెమట పట్టడం ఆప్నియా లక్షణమని ప్రతిచోటా రాస్తారు, మన వైజాగ్ ఉక్కపోతలో మే నెలలో అది చూసి ఏం తెలుస్తుంది చెప్పండి. డిసెంబర్ జనవరిలో, లేదా ఏసీ వేసినా తల తడిసిపోతోందా చూడండి, అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

ప్రశ్నల పట్టిక. పీడియాట్రిక్ స్లీప్ క్వశ్చనేర్ అని 22 ప్రశ్నలది ఉంటుంది, అవును, కాదు, తెలీదు అని టిక్ పెట్టడమే. మూడో వంతు, అంటే ఎనిమిదో అంతకంటే ఎక్కువో అవును వస్తే అనుమానించాలి. ఇది చిన్న కాగితంలా కనపడుతుంది గానీ చాట్ పిల్లల వివరాలు తర్వాత విడిగా చూసినప్పుడు తేలిందేంటంటే, ఆపరేషన్ తర్వాత లక్షణాలు, ప్రవర్తన ఎంత మెరుగవుతాయో చెప్పడంలో స్లీప్ స్టడీ నంబర్ల కంటే ఈ పట్టిక స్కోరే బాగా పనిచేసింది. ఆపరేషన్‌కి ముందు నింపి డేట్ వేసి దాచండి, మళ్లీ తర్వాత నింపాలి.

ఎత్తు, బరువు. కళ్లతో చూసి బొద్దుగా ఉన్నాడు, బక్కగా ఉన్నాడు అనుకోవద్దు, మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి, అందులోనూ అమ్మమ్మల కళ్లు మరీను. ఐదేళ్లు దాటితే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల 2015 బీఎంఐ చార్టు మీద పెట్టించండి, అందులో అధిక బరువుకి, ఊబకాయానికి విడివిడిగా గీతలుంటాయి, మన పిల్లలకి తగ్గట్టు గీసినవి.

స్లీప్ స్టడీ రిపోర్టు చేతికొచ్చాక

ఇక్కడ చాలామంది ఇళ్లలో ఒక గందరగోళం జరుగుతుంది. రిపోర్టులో ఏహెచ్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, గంటకి ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగానో సగమో ఆగిందని. పెద్దవాళ్లకి 5 లోపు నార్మల్, 5 నుంచి 15 దాకా మైల్డ్. పిల్లలకి అలా కాదు, 1 దాటితేనే నార్మల్ కాదు, 1 నుంచి 5 మైల్డ్, 5 నుంచి 10 మోడరేట్, 10 దాటితే సివియర్. మెషీన్ సాఫ్ట్‌వేర్ పెద్దవాళ్ల పద్ధతిలో ప్రింట్ కొడితే 12 ఉన్న పిల్లాడికి మైల్డ్ అని వచ్చేస్తుంది, వాడు నిజానికి సివియర్. మా ఆడపడుచు వాళ్ల బాబు మొదటి రిపోర్టు అచ్చంగా అలాగే వచ్చింది, ఇంకో డాక్టర్ చూసి సరిచేశారు. లెక్కపెట్టే పద్ధతి కూడా వేరు, పెద్దవాళ్లకి పది సెకన్లు ఆగితే ఒకటి, పిల్లలకి రెండు ఊపిర్లంత సేపు ఆగినా ఒకటే. కాబట్టి టెస్టుకి ముందే "పిల్లల రూల్స్‌తో స్కోర్ చేస్తారా అండీ" అని అడగండి, మొహమాటపడొద్దు.

రిపోర్టులో ఇంకా చూడాల్సినవి: ఆక్సిజన్ అన్నింటికంటే కిందకి ఎంత పడింది, మొత్తం ఎన్ని గంటలు నిద్రపోయాడు, అందులో రెమ్ నిద్ర, అంటే కలలొచ్చే నిద్ర ఎంత. రెమ్ సరిగ్గా రాకపోతే అసలు జబ్బు కంటే తక్కువ చూపిస్తుంది. అబ్‌స్ట్రక్టివ్, సెంట్రల్ అని విడివిడిగా రాశారా చూడండి, సెంట్రల్ అంటే మెదడు నుంచే ఊపిరి సిగ్నల్ రాకపోవడం, టాన్సిల్స్ తీసినంత మాత్రాన పోతుందని అనుకోలేం.

స్లీప్ స్టడీ అందరికీ కుదరదు, ఖర్చు ఉంటుంది, పిల్లలతో చేసే చోట్లు తక్కువ. అలాంటప్పుడు రాత్రంతా రికార్డు చేసే ఆక్సిమీటర్ పనికొస్తుంది. కోవిడ్ టైంలో కొన్న వేలికి పెట్టే మామూలుది కాదు, పిల్లల ప్రోబ్‌తో రాత్రంతా మెమరీలో దాచేది. దానికి మెక్‌గిల్ స్కోర్ అని 1 నుంచి 4 దాకా ఉంటుంది, ఆక్సిజన్ 90 కింద, 85 కింద, 80 కింద గుంపులు గుంపులుగా పడడాన్ని బట్టి. స్కోరు 2 లేదా పైన వస్తే ఆప్నియా ఉన్నట్టే దాదాపుగా, 4 వస్తే తొందరపడాలి. స్కోరు 1 వచ్చినంత మాత్రాన లేదని కాదు, తేలలేదని అర్థం.

కొంతమంది పిల్లలకి మాత్రం ఆపరేషన్‌కి ముందు పూర్తి స్లీప్ స్టడీ చేయించమని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల 2019 గైడ్‌లైన్ చెప్తుంది: రెండేళ్ల లోపు పిల్లలు, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, ముఖం ఎముకల తేడాలు, కండరాల జబ్బులు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు). ఈ ఆఖరిది మన దగ్గర గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పాడేరు, అరకు వైపు నుంచి వైజాగ్ కేజీహెచ్ ఆస్పత్రికి వచ్చే కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంటుంది, రాత్రి ఆక్సిజన్ పడడం వాళ్లకి మామూలు పిల్లలకంటే ఎక్కువ ప్రమాదం. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి మొదటి రోజే చెప్పండి.

అంచనాని ఎటు వంచేది ఏంటి

బరువు. దీనికి మించింది లేదు. బరువు ఎక్కువున్న పిల్లల్లో టాన్సిల్స్ తీసినా గొంతు చుట్టూ, నాలుక వెనకాల కొవ్వు అలాగే ఉంటుంది, పొట్ట కొవ్వు ఊపిరితిత్తుల్ని పైకి నొక్కుతుంది, కాబట్టి దారి మళ్లీ ఇరుకవుతుంది. ఆపరేషన్ వద్దని కాదు, వాళ్లకీ మేలు చేస్తుంది, కాకపోతే ఆపరేషన్ ఒక్కటే చాలుతుందని అనుకోకూడదు. ఇంకో సంగతి కూడా చాలామందికి చెప్పరు: ఆపరేషన్ తర్వాత పిల్లలు బరువు పెరుగుతారు. బక్కగా ఉన్న పిల్లాడికి అది వరం, మా పాప విషయంలో అదే జరిగింది. అప్పటికే బరువున్న పిల్లాడికి మాత్రం గొంతు నొప్పి తగ్గాక "పాపం ఇన్నాళ్లు తినలేదు" అని బేకరీ పఫ్‌లు, ఐస్‌క్రీములు, బీచ్ రోడ్డులో మురీ మిక్చర్లు మొదలుపెడితే ఆరు నెలల్లో గురక తిరిగొచ్చే దారి మనమే వేసినట్టు.

వయసు. ఏడేళ్లు దాటాక ఆపరేషన్ అయినవాళ్లలో మిగిలిపోవడం ఎక్కువని ఆ 578 మంది లెక్కలో తేలింది. మరీ చిన్నవాళ్లలో, అంటే మూడేళ్ల లోపు, ఆపరేషన్ రాత్రి ఊపిరి సమస్యల ప్రమాదం ఎక్కువ, అది వేరే సంగతి, కింద రాస్తా.

మొదటి ఏహెచ్‌ఐ. 4 ఉన్నవాడు 1కి రావడం తేలిక, 40 ఉన్నవాడికి పది వంతుల్లో తొమ్మిది పోయి ఒక వంతు మిగిలినా ఇంకా 4 ఉంటుంది. అందుకే సివియర్ పిల్లలకి ఆపరేషన్ తర్వాత మళ్లీ టెస్టు తప్పనిసరి అనుకోండి.

ముక్కు. ఆస్తమా ఉన్న పిల్లల్లో కూడా మిగిలిపోవడం ఎక్కువ కనపడింది. ముక్కు అలర్జీ ఉంటే టాన్సిల్స్ పోయినా ముక్కులో వాపు ఉంటుంది, నోటితో పీల్చడం ఆగదు. వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు ఉన్నవాళ్లకి పోర్టు బొగ్గు ధూళి సంగతి నేను చెప్పక్కర్లేదు, పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లగా ఉంటుంది. సముద్రం గాలి చెమ్మకి వానాకాలంలో గోడలకి బూజు పట్టడం ఒకటి. పిల్లాడు పడుకునే గదిలో దోమల చుట్ట వెలిగించడం, నాన్నగారు బాల్కనీలో సిగరెట్ కాల్చి లోపలికి రావడం, ఇవన్నీ కూడా లెక్కలోకే వస్తాయి. ఇల్లు మారలేం గానీ చుట్ట మానేయొచ్చు, సిగరెట్ మానేయొచ్చు, తలగడ గలీబులు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకొచ్చు.

ముఖం ఆకారం. గడ్డం వెనక్కి ఉండడం, అంగిలి ఇరుగ్గా పైకి లేచినట్టు ఉండడం, పై పళ్లు ముందుకి రావడం, ఇవి ఉంటే ఎముక దారే ఇరుకు, టాన్సిల్స్ తీసినా కొంత మిగలొచ్చు. పిల్లల పళ్ల డాక్టర్‌కి ఒకసారి చూపించండి. టాన్సిల్స్ చిన్నగా ఉండి అంగిలి ఇరుగ్గా ఉన్న పిల్లలకి దాన్ని వెడల్పు చేసే ప్లేట్ పనికొస్తుంది, అది ఎదిగే వయసులోనే బాగా పనిచేస్తుంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఆపరేషన్ తర్వాత మిగిలిపోవడం చాలా ఎక్కువ. కండరాల పట్టు తక్కువ, నాలుక వెనక్కి జారుతుంది. లక్షణాలు లేకపోయినా నాలుగేళ్లలోపు స్లీప్ స్టడీ చేయించాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్తుంది.

ఇక టాన్సిల్ సైజు. అందరూ దీన్నే పట్టుకుంటారు, "గ్రేడ్ 4 అన్నారు అందుకే చేయించాం" అని. గ్రేడ్ అంటే గొంతు వెడల్పులో టాన్సిల్స్ ఎంత ఆక్రమించాయని, 4 అంటే ముప్పాతిక పైన. పెద్ద టాన్సిల్స్ ఉండి మిగతా అన్నీ బాగుంటే ఆపరేషన్‌కి మంచి ఫలితం ఆశించొచ్చు, కానీ సైజుకీ జబ్బు తీవ్రతకీ సరిగ్గా పొంతన ఉండదు. టాన్సిల్స్ చిన్నవైనా ఆప్నియా గట్టిగా ఉందంటే, అడ్డు ఇంకెక్కడో ఉందేమో ముందే వెతకమని అడగండి.

అన్నీ కలిపి చూస్తే

ఊహకి ముగ్గురు పిల్లల్ని తీసుకుందాం. ఆరేళ్ల పాప, బక్కగా ఉంది, గ్రేడ్ 3 టాన్సిల్స్, ఏహెచ్‌ఐ 7, ముక్కు బాగానే ఉంది. ఈ పాపకి ఆపరేషన్‌తో నార్మల్‌కి రావడానికి అవకాశం చాలా బాగుంది, ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. పదేళ్ల బాబు, ఊబకాయం గీత దాటాడు, ఆస్తమా ఉంది, ఏహెచ్‌ఐ 22. ఇతనికి అంకె బాగా పడుతుంది కానీ 5 దగ్గరో అంతకంటే పైనో ఆగొచ్చు, కాబట్టి ఆపరేషన్ డేట్ తీసుకునే రోజే బరువు ప్లాన్, ఆస్తమా మందు, తర్వాత స్లీప్ స్టడీ, అవసరమైతే మాస్క్, ఇవన్నీ కలిపి మాట్లాడుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ముందే చెప్పాలి, లేకపోతే రేపు "అంత ఖర్చు పెట్టి కోయించారు, ఏం తగ్గింది" అని ఆ తల్లినే అంటారు. మూడోది నాలుగేళ్ల బాబు, గురక ఉంది, ఏహెచ్‌ఐ 2, ఆక్సిజన్ బాగానే ఉంది, పగలు హుషారుగా ఉన్నాడు. ఇతని విషయంలో ఆగి చూడడంలో తప్పు లేదు.

ఆగి చూస్తే ఎవరికి తగ్గుతుంది అన్నదానికీ లెక్కుంది. చాట్‌లో ఊరికే కనిపెట్టి చూసిన పిల్లల్ని 2015లో మళ్లీ పరిశీలించారు. ఆప్నియా అనడానికి పెట్టుకున్న గీత కిందకి వచ్చినవాళ్లు 42 శాతం, కానీ మొదట పట్టిక స్కోరు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇంట్లో లక్షణాలు పోయినవాళ్లు 15 శాతమే. మొదట్నుంచీ ఏహెచ్‌ఐ తక్కువ, ఆక్సిజన్ బాగుండడం, నడుము చుట్టుకొలత తక్కువ ఉండడం, వీళ్లకే రిపోర్టు ఎక్కువగా బాగుపడింది. పట్టిక స్కోరు, గురక తక్కువ ఉన్నవాళ్లకి లక్షణాలు పోయాయి. అంటే పిల్లాడు పగలు ఇబ్బంది పడుతుంటే "పెద్దయితే పోతుందిలే" అనే మాట మీద కూర్చోవద్దు.

ఆపరేషన్ కాకుండా మిగతావి

ముక్కు స్ప్రే మైల్డ్‌గా ఉన్నవాళ్లకి మొదట ప్రయత్నించొచ్చు. ఆస్ట్రేలియాలో చేసి 2023లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో ఆరు వారాలు స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చిన గ్రూపులోనూ, ఉత్త ఉప్పునీటి స్ప్రే ఇచ్చిన గ్రూపులోనూ నలభై శాతం పైచిలుకు పిల్లలకి లక్షణాలు పోయాయి, ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అంటే ఆరు వారాలు సెలైన్ స్ప్రే క్రమం తప్పకుండా కొట్టడం కూడా ఒక వైద్యమే. సివియర్‌గా ఉన్న పిల్లలకి మాత్రం దీంతో కాలయాపన చేయకండి. మాంటెలుకాస్ట్ అని అలర్జీకి, ఆస్తమాకి వాడే టాబ్లెట్ కూడా రాస్తుంటారు, దాని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది, నిద్రలో పీడకలలు, మూడ్ మారిపోవడం, దిగులు ఇలాంటివి వస్తే ఆపి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

సీపాప్ మాస్క్ పెట్టుకుంటే పనిచేస్తుంది, పెట్టుకోకపోతే లేదు, అంతే. మెషీన్‌లో ఏ రాత్రి ఎన్ని గంటలు వాడారో రికార్డు అవుతుంది, మొదటి రెండు వారాల లెక్క చూస్తే ముందు ముందు ఎలా ఉంటుందో చాలా వరకు తెలుస్తుంది. పగలు టీవీ చూస్తున్నప్పుడు ఉత్త మాస్క్ పెట్టి అలవాటు చేయండి. ఎదిగే ముఖం కాబట్టి మాస్క్ నొక్కుడు ఆరు నెలలకోసారి చూపించాలి.

ఆపరేషన్ రాత్రి

మూడేళ్ల లోపు, లేదా ఏహెచ్‌ఐ 10 పైన, లేదా ఆక్సిజన్ 80 కింద పడ్డ పిల్లల్ని ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి కనిపెట్టాలి. అదే రోజు ఇంటికి పంపుతామంటే ఈ మూడు చెప్పి అడగండి. వాల్తేరు వైపు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి అయినా, ప్రైవేట్ అయినా, రాత్రి ఆక్సిజన్ మానిటర్ ఉంటుందా, అవసరమైతే పిల్లల ఐసీయూ ఎక్కడ అని ముందే తెలుసుకోండి. నొప్పికి పారాసిటమాల్ వంటివి రాస్తారు. కోడీన్ పన్నెండేళ్ల లోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు, ఈ ఆపరేషన్ తర్వాతైతే కోడీన్, ట్రమడాల్ రెండూ పద్దెనిమిదేళ్ల లోపు ఇవ్వకూడదు, కొంతమంది పిల్లల శరీరం వాటిని వేగంగా మార్చేసి ఊపిరి ఆగేదాకా వస్తుంది. ఇంట్లో ఉన్న దగ్గు సిరప్ మీద కోడీన్ ఉందా చూసి పక్కన పెట్టేయండి. ఎప్పుడు రక్తం కారినా, ముఖ్యంగా ఐదు నుంచి పది రోజుల మధ్య, కొంచెమైనా సరే, అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికే.

అంచనా నిజమైందా చూసుకోవడం

మొదటి రెండు వారాలు గొంతు వాపుతో గురక అలాగే ఉండొచ్చు, కంగారు వద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక, జలుబు లేనప్పుడు, మళ్లీ తెల్లవారుజామున వీడియో తీయండి, 22 ప్రశ్నలు మళ్లీ నింపండి, మీరు రాసుకున్న కాగితం తీసి ఒక్కోటి చూడండి. ముందు సివియర్ ఉన్నవాళ్లకి, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి, లక్షణాలు మిగిలినవాళ్లకి స్లీప్ స్టడీ మళ్లీ చేయించాలి. లక్షణాలు పోయాయి కదా అని సివియర్ పిల్లాడికి టెస్టు మానేయకండి, గురక తగ్గినా ఆక్సిజన్ పడుతూ ఉండొచ్చు.

మిగిలిందని తేలితే తర్వాతి అడుగు అడ్డు ఎక్కడుందో వెతకడం. మత్తు ఇచ్చి నిద్రపుచ్చి సన్నని కెమెరాతో చూసే పరీక్ష ఉంది, స్లీప్ ఎండోస్కోపీ అంటారు. నాలుక వెనక టాన్సిల్, స్వరపేటిక మెత్తగా ఉండి లోపలికి కూలడం, ముక్కులో ఎముకలు ఉబ్బడం, ఇలాంటివి అందులో బయటపడతాయి, దాన్ని బట్టి వైద్యం. కొందరు పిల్లల్లో, అందులోనూ చిన్నప్పుడే ఆపరేషన్ అయినవాళ్లలో, అడినాయిడ్స్ మళ్లీ పెరుగుతాయి. అందుకే పూర్తిగా తగ్గినవాళ్లయినా ఆరు నెలలకోసారి ఎత్తు బరువు చార్టు మీద పెట్టించుకుంటూ ఉండాలి, యుక్తవయసు మొదలయ్యేటప్పుడు ఇంకాస్త కనిపెట్టి ఉండాలి. జలుబు లేకుండా వారంలో మూడు రాత్రులు పైన గురక వినపడితే, పాత రిపోర్టు, కొత్త వీడియో రెండూ పట్టుకుని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కొత్త డాక్టర్ అయితే రెండు స్లీప్ స్టడీల ఒరిజినల్ కాగితాలు కూడా తీసుకెళ్లండి, సమ్మరీ పేజీ ఒక్కటే సరిపోదు.